తప్పుకోవలసింది ఎవరు? భారత హాకీలో వయసు వాదన

టాటానగర్ రైల్వేస్టేషనుకు ఒకవైపు ఉక్కు కర్మాగారం, దాని చుట్టూ కంపెనీ గీసిన పటం ప్రకారం పెరిగిన జంషెడ్‌పూర్ నగరం. పట్టాలు దాటి ఆవలి వైపుకు వెళితే పర్సుడీహ్. ఆ పేటకు కంపెనీ నగరపు తీరూ, తీర్చిదిద్దిన వీధులూ లేవు. వ్యవసాయ మార్కెట్టు, రైల్వే ఉద్యోగుల నివాసాలు, ఆదివాసీ బస్తీలు కలగలిసి పెరిగిన చోటది. టాటానగర్ నుంచి పడమటికి సాగే ముంబై మార్గంలో చక్రధర్‌పూర్, దాని తర్వాత రూర్కెలా వస్తాయి. ఆ మార్గానికి ఉత్తరాన ఖూంటీ, సిమ్‌డేగా జిల్లాలు. రూర్కెలా ఉన్నది ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో. భారత హాకీకి తరతరాలుగా ఆటగాళ్లను ఇచ్చిన నేల ఇదే. ఉక్కు కోసం, రైలు కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ మూడు నాలుగు తరాలుగా స్థిరపడ్డాయి.

జాతీయ జట్టు ఓడినప్పుడల్లా ఢిల్లీలో ఒక ప్రశ్న లేస్తుంది: వయసు మీరిన ఆటగాళ్లు తప్పుకుని యువకులకు దారి ఇవ్వవద్దా? క్రికెట్టులోనూ, పార్లమెంటులోనూ వినిపించే ప్రశ్నే ఇది, ముఖ్యంగా పార్లమెంటులో దానికి ఎవరూ జవాబు చెప్పరు. హాకీ విషయంలో మాత్రం జవాబులు చాలాసార్లు వచ్చాయి. ఆ జవాబులను వరుసగా చదివితే, వయసు పేరు చెప్పి తీసుకున్న నిర్ణయాల్లో నిజంగా వయసును బట్టి తీసుకున్నవి ఎన్ని అన్న అనుమానం కలుగుతుంది. పర్సుడీహ్ వైపు నుంచి చూసినప్పుడు ఆ అనుమానం మరింత బలపడుతుంది. ఇక్కడివారికి సమస్య ఎప్పుడు తప్పుకోవాలన్నది కాదు, అసలు ఎప్పుడు లోపలికి రానిస్తారన్నది.

మొదటి జట్టు నుంచే ఈ కథ మొదలవుతుంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టు సారథి జైపాల్ సింగ్ ముండా. ఖూంటీ ప్రాంతపు ముండా ఆదివాసీ కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ఐసీఎస్‌కు ఎంపికై, ఆటకోసం ఆ కొలువును వదులుకున్నవాడు. ఆ జట్టు స్వర్ణం గెలిచింది. ఫైనల్ జరిగిన రోజున సారథి మాత్రం మైదానంలో లేడు. జట్టు యాజమాన్యంతో పొసగక టోర్నీ మధ్యలోనే వైదొలగాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. తర్వాత ఆదివాసీ మహాసభకు నాయకుడై, రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున మాట్లాడి, ప్రత్యేక జార్ఖండ్ కోర్కెకు తొలి రూపం ఇచ్చిన మనిషి ఆయనే. భారత హాకీ తొలి ఒలింపిక్ సారథి మైదానం వీడటానికి కారణం వయసు కాదు, అధికారం. ఈ చరిత్రలో తరచూ అలాగే జరిగింది.

ఇక వృద్ధ జట్టు అన్న నింద మొదటిసారి గట్టిగా మోసింది 1960 నాటి రోమ్ జట్టు. ఫైనల్‌లో పాకిస్తాన్ చేతిలో 0–1తో ఓడి, 1928 నుంచి చేతిలో ఉన్న స్వర్ణాన్ని పోగొట్టుకున్న జట్టు అది. సారథి లెస్లీ క్లాడియస్‌కు అప్పటికి 33 ఏళ్లు, అది నాలుగో ఒలింపిక్స్. అంతటి పరాభవం తర్వాత మూలమట్టంగా మార్చేయాలన్న మాట రావడం సహజం. క్లాడియస్ తప్పుకున్నాడు. అయితే 1964లో టోక్యో వెళ్లిన జట్టులో రోమ్ చూసినవారు చాలామందే ఉన్నారు. గోల్‌కీపర్ శంకర్ లక్ష్మణ్, పృథీపాల్ సింగ్, చరణ్‌జీత్ సింగ్, మొహిందర్ లాల్ ఉన్నారు. ఉధమ్ సింగ్ ఉన్నాడు. ఆయనకు 36 ఏళ్లు. ఫైనల్‌లో మళ్లీ పాకిస్తానే ఎదురైంది, మళ్లీ ఒకే గోలు పడింది, ఈసారి దాన్ని కొట్టింది మొహిందర్ లాల్. ఓడిన వారికే తిరిగి గెలిచే అవకాశం ఇవ్వడం ఆనాటి సెలెక్టర్ల జ్ఞానమో, ప్రత్యామ్నాయం లేక చేసిన పనో చెప్పడం కష్టం. ఫలితం మాత్రం స్వర్ణం.

1976లో మాంట్రియల్‌లో కృత్రిమ పచ్చిక వచ్చింది. ఏడాది క్రితమే కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ గెలిచిన దేశం అక్కడ ఏడో స్థానానికి జారింది. ఆ ప్రపంచకప్ విజేతల్లో ఒకడు సిమ్‌డేగా ప్రాంతపు ఆదివాసీ రక్షకుడు మైకేల్ కిండో. మాంట్రియల్ పరాజయానికి వయసును తప్పుపట్టినవారు నేల మారిందన్న సంగతి మరచిపోయారు. దేశంలో అలాంటి మైదానాలు లేనప్పుడు ఇరవై ఏళ్లవాడైనా ముప్పై ఏళ్లవాడైనా చేయగలిగింది ఒక్కటే.

1980 మాస్కో జట్టు కొత్తది, యువకులది. వాసుదేవన్ భాస్కరన్ సారథ్యంలో మొహమ్మద్ షాహిద్ వంటి కుర్రవాళ్లతో వెళ్లి ఫైనల్‌లో స్పెయిన్‌ను 4–3తో ఓడించింది. అగ్రదేశాలు కొన్ని బహిష్కరించిన పోటీలవి, కాబట్టి ఆ స్వర్ణాన్ని కొంత తగ్గించి చూసేవారు ఉన్నారు. ఇక్కడ చెప్పవలసిన విషయం వేరు. యువజట్టుగా పేరుపడిన ఆ బృందంలో 31 ఏళ్ల సిల్వానుస్ డుంగ్‌డుంగ్ ఉన్నాడు. సిమ్‌డేగా బిడ్డ, సైన్యంలో ఉద్యోగి. ఆయనకు అదే తొలి ఒలింపిక్స్, అదే ఆఖరిది కూడా. ఇతరులను ఇక చాలు, తప్పుకోమనే వయసులో ఆయనకు తలుపు తెరుచుకుంది. వెదురుకర్రను వంచి కర్రగా, వెదురు వేరును బంతిగా చేసుకుని ఆడే ఊళ్ల నుంచి బయలుదేరి, సైన్యంలో కుదురుకుని, అక్కడి జట్టులో నిలిచి, సెలెక్టర్ల కంటపడేసరికి ఒక ఆదివాసీ ఆటగాడి యవ్వనం సగం కరిగిపోతుంది. ముప్పై దాటితే ఇంటికి అన్న సూత్రాన్ని సమానంగా అమలు చేస్తే, అది ఆలస్యంగా రానిచ్చినవారినే ముందుగా బయటికి నెడుతుంది. నగరంలో పుట్టి పన్నెండో ఏట అకాడమీలో చేరినవాడికి ముప్పై అంటే పద్దెనిమిదేళ్ల ఆట. డుంగ్‌డుంగ్ వంటివారికి ముప్పై అంటే ఆరంభం.

ఇంతకూ వయసు వాదనను అతి నగ్నంగా వాడుకున్న ఘట్టం 1998 నాటిది. ఆ డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాతో 1–1గా ముగిసిన ఆటను భారత్ పెనాల్టీ స్ట్రోకులలో గెలిచింది. గోల్‌కీపర్ ఆశిష్ బల్లాల్ నిలబడి ఆపాడు. 1966 తర్వాత, అంటే 32 ఏళ్లకు దక్కిన ఆసియా స్వర్ణం. సారథి ధన్‌రాజ్ పిళ్లై, కోచ్ ఎం.కె. కౌశిక్. విమానాశ్రయంలో దండలు వాడకముందే తర్వాతి సిరీస్‌కు జట్టు ప్రకటించారు. అందులో ధన్‌రాజ్ లేడు, బల్లాల్ లేడు, ఇంకా పలువురు సీనియర్లు లేరు. కోచ్ కూడా మారిపోయాడు. అలసిపోయారు కాబట్టి విశ్రాంతి ఇచ్చామని భారత హాకీ సమాఖ్య చెప్పింది. ఆ సమాఖ్య అధ్యక్షుడు పంజాబ్ మాజీ పోలీసు అధిపతి కె.పి.ఎస్. గిల్.

దేశమంతా దాన్ని వేరేగా అర్థం చేసుకుంది. సరైన ఏర్పాట్లు లేవని, మ్యాచ్ ఫీజు ఇవ్వడం లేదని ఆ ఆటగాళ్లు నోరు విప్పారు. నోరు విప్పినందుకే ఇది శిక్ష అన్న అభిప్రాయం బలంగా స్థిరపడింది. విశ్రాంతి అన్న మాటను గమనించండి. ఎవరూ అడగని విశ్రాంతి, గడువు చెప్పని విశ్రాంతి. రాజకీయ పార్టీలు అసమ్మతి నాయకుడిని గవర్నరుగా పంపడం వంటిదే ఇది, ఇక్కడ రాజ్‌భవన్ కూడా లేదు. ఒక ఆటగాడి కాళ్లలో బలం తగ్గిందా లేదా అన్నది గడియారంతో కొలవగల విషయం. అలా కొలిచామని సమాఖ్య చెప్పలేదు. ఆ జట్టు అప్పుడే ఖండాన్ని గెలిచి వచ్చింది. పనితనాన్ని బట్టి తీసివేయడానికి ఆధారం దొరకనప్పుడే యువత, భవిష్యత్తు, విశ్రాంతి వంటి పెద్దమాటలు బయటికొస్తాయి.

తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. 2000 సిడ్నీకి ధన్‌రాజ్ తిరిగి వచ్చాడు. మూడో ఒలింపిక్స్ ఆడుతున్న హైదరాబాదు ఆటగాడు ముఖేశ్ కుమార్ కూడా ఉన్నాడు. రమణ్‌దీప్ సింగ్ సారథి, కోచ్ భాస్కరన్. పోలండ్‌ను ఓడిస్తే సెమీఫైనల్. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు వరకూ ఆధిక్యంలో ఉండి, ఒక గోలు ఇచ్చి 1–1తో మిగిలిపోయారు. చివరికి ఏడో స్థానం. ఆ చివరి నిమిషాల్లో బంతిని పట్టుకుని కాలం గడపగల ఓర్పు జట్టులో కొరవడిందని అప్పట్లో చాలామంది బాధపడ్డారు. రెండేళ్లపాటు కలిసి ఆడనివ్వని జట్టుకు ఆ ఓర్పు ఎక్కడి నుంచి వస్తుంది?

యువకుల పక్షాన కూడా బలమైన సాక్ష్యం ఉంది, దాన్ని దాచకూడదు. 2001లో హోబర్ట్‌లో జరిగిన జూనియర్ ప్రపంచకప్ ఫైనల్‌లో భారత్ అర్జెంటీనాను 6–1తో చిత్తుచేసింది. ఆ జట్టులో ఆడిన గగన్ అజిత్ సింగ్, దీపక్ ఠాకూర్, జుగ్‌రాజ్ సింగ్ సీనియర్ జట్టులోనూ ఆడారు. 2003లో కౌలాలంపూర్ ఆసియా కప్, అదే ఏడాది హైదరాబాదులో ఆఫ్రో–ఏషియన్ క్రీడల స్వర్ణం ఆ కలయిక ఫలాలే. 35 ఏళ్ల ధన్‌రాజ్ పక్కన ఇరవై దాటిన కుర్రవాళ్లు పరుగెత్తిన ఆ కొద్ది నెలలూ భారత హాకీకి మంచి రోజులు. జుగ్‌రాజ్ ఆ సెప్టెంబరులో రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. 2004 ఏథెన్స్‌లో ధన్‌రాజ్‌ను తీసుకెళ్లి ఎక్కువ సేపు బెంచి మీదే కూర్చోబెట్టారు. మళ్లీ ఏడో స్థానం. పెద్దవాడిని ఉంచుకోవడమూ కాదు, పంపడమూ కాదు, గౌరవం కోసం వెంటబెట్టుకుని పని అప్పగించకపోవడం. మన పార్టీల మార్గదర్శక మండళ్లు గుర్తొస్తే అది పాఠకుల తప్పు కాదు.

తనంతట తాను తప్పుకున్న సందర్భమూ ఉంది. 2021లో టోక్యోలో జర్మనీపై 5–4తో కాంస్యం గెలిచి, 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చిన జట్టు నుంచి కొద్ది వారాలకే రూపిందర్ పాల్ సింగ్, బీరేంద్ర లాక్రా రిటైరయ్యారు. కొత్తవారికి చోటు ఇవ్వాలన్నది రూపిందర్ ఇచ్చిన కారణం. అంతకంటే మర్యాదైన నిష్క్రమణ ఉండదు. ఏడాది తిరగకముందే 2022 జకార్తా ఆసియా కప్‌కు కొత్త కుర్రవాళ్ల జట్టును పంపవలసి వచ్చినప్పుడు, వారిని నడిపించడానికి రిటైరైన రూపిందర్‌నే సారథిగా ప్రకటించారు. ఆయన గాయపడితే ఆ బాధ్యత లాక్రాకు వెళ్లింది. లాక్రా సుందర్‌గఢ్ ఆదివాసీ. కాంస్యం తెచ్చి మళ్లీ వెళ్లిపోయాడు. దారి ఇచ్చినవారినే దారి చూపించమని వెనక్కి పిలవడంలో సమాఖ్యకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు. 2023 జనవరిలో ఒడిశాలో జరిగిన ప్రపంచకప్‌లో, స్వదేశంలో, భారత్ తొమ్మిదో స్థానంలో ఆగింది. ఆ జట్టు పెనాల్టీ కార్నర్లు వృథా చేస్తుంటే టోక్యోలో ఆ పని చేసిన రూపిందర్‌ను తలచుకోనివారు తక్కువ.

అదే తరంలో గోల్‌కీపర్ పి.ఆర్. శ్రీజేశ్ తప్పుకోలేదు. 2024 పారిస్‌కు 36వ ఏట వెళ్లాడు. ఒలింపిక్స్‌లో 1972 తర్వాత తొలిసారి ఆస్ట్రేలియాను ఓడించిన ఆటలో, క్వార్టర్ ఫైనల్‌లో పదిమందితో బ్రిటన్‌ను నిలువరించి షూటౌట్‌లో గెలిచిన ఆటలో అతడే కంచె. స్పెయిన్‌పై 2–1తో కాంస్యం గెలిచిన రోజున కర్ర వదిలి, ఆపై జూనియర్ జట్టు కోచ్‌గా వెళ్లాడు. ఇది శ్రీజేశ్ వైపు నుంచి సుందరమైన కథ. రెండో గోల్‌కీపర్‌గా ఏళ్లతరబడి ఎదురుచూసిన క్రిషన్ పాఠక్ వైపు నుంచి చూస్తే దానికి మరో రంగు ఉంది. అయితే పాఠక్‌కు మధ్యమధ్యలో మ్యాచ్‌లు దొరికాయి. సమాఖ్య ఆమాత్రం బుద్ధి నేర్చుకుంది, పురుషుల జట్టు విషయంలో.

మహిళల జట్టు విషయంలో నేర్చుకున్నదేమీ కనిపించదు. రాణీ రాంపాల్ 15 ఏళ్లకే ప్రపంచకప్ ఆడింది. 2021 టోక్యోలో ఆమె సారథ్యంలో మహిళలు నాలుగో స్థానం సాధించారు. గాయాలు వెంటాడాయి, 2022 ప్రపంచకప్‌కు లేదు. 2023 ఆరంభంలో దక్షిణాఫ్రికా పర్యటనకు తిరిగి వచ్చింది, మళ్లీ పక్కనపెట్టారు. ఆ తర్వాత బాలికల సబ్ జూనియర్ జట్టు కోచ్ పదవి ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 28. ఎందుకు తీసుకోలేదో తనకు ఎవరూ చెప్పలేదని ఆమె బహిరంగంగానే అన్నది. కోచ్ యానెక్ స్కాప్‌మన్‌కు తనదైన లెక్క ఉండవచ్చు, అది సరైనదే కావచ్చు. చెప్పకపోవడం మాత్రం సరైనది కాదు. 2024 అక్టోబరులో రాణి రిటైరైంది.

రాణి లేని జట్టు పారిస్ అర్హత కోసం 2024 జనవరిలో రాంచీ వచ్చింది. వేదిక పేరు మరాంగ్ గోమ్‌కే జైపాల్ సింగ్ ముండా స్టేడియం. 25 ఏళ్లకే సారథ్యం వదిలివెళ్లిన మనిషి పేరున్న మైదానం. అక్కడే రెండు నెలల క్రితం ఆసియా చాంపియన్స్ ట్రోఫీని ఇదే జట్టు గెలిచింది. ఈసారి తొలి ఆటలోనే అమెరికా చేతిలో ఓడింది. సెమీఫైనల్‌లో జర్మనీతో 2–2 తర్వాత షూటౌట్ పోయింది. చివరి అవకాశంగా మిగిలిన ఆటలో జపాన్ మొదట్లోనే ఒక గోలు కొట్టింది, మిగిలిన కాలమంతా భారత్ దాడి చేసినా అది తిరిగి రాలేదు. సారథి సవితకు 33 ఏళ్లు. మైదానంలో ఖూంటీ జిల్లా హేసల్ గ్రామపు నిక్కీ ప్రధాన్, సిమ్‌డేగా అమ్మాయి సలీమా టేటే ఉన్నారు. నిక్కీ 2016లో జార్ఖండ్ నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి మహిళా హాకీ క్రీడాకారిణి. సలీమా 19 ఏళ్లకే టోక్యో ఆడింది. ఆ రాత్రి గ్యాలరీల్లో కూర్చున్నవారిలో చాలామంది ఈ అమ్మాయిల ఊళ్లకు దగ్గరివారు.

ఆ మేలో సవిత నుంచి సారథ్యం సలీమాకు మారింది. 22 ఏళ్ల ఆదివాసీ యువతి దేశపు జట్టును నడపడం నిస్సందేహంగా మంచి వార్త. ఆ నవంబరులో రాజ్‌గీర్‌లో చైనాను ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ నిలబెట్టుకున్నారు. 2025 జూన్‌లో మాత్రం ప్రొ లీగ్‌లో అట్టడుగున నిలిచి కింది స్థాయికి పడిపోయారు. యువతకు పగ్గాలు ఇవ్వడమే మందు అయితే ఈ రెండూ ఒకే ఏడాదిలో జరగకూడదు.

ఎగువన ఈ మార్పులు జరుగుతుండగా దిగువన వేరే పని సాగుతోంది. 1948, 1952, 1956 స్వర్ణాల కాలంలో హాకీ సమాఖ్యకు అధ్యక్షుడిగా ఉన్న నావల్ టాటా పేరిట జంషెడ్‌పూర్‌లో ఒక అకాడమీ నడుస్తోంది. నెదర్లాండ్స్ పెనాల్టీ కార్నర్ దిగ్గజం ఫ్లోరిస్ యాన్ బోవెలాండర్ సంస్థ శిక్షణలో తోడుంది. చిన్నవయసులోనే పిల్లలను ఎంచుకుని, కృత్రిమ పచ్చికపై నేర్పి, చదువు చెప్పించి పెంచడం దాని పద్ధతి. డుంగ్‌డుంగ్‌కు 31 ఏళ్ల దాకా దొరకనిది ఈ పిల్లలకు పదమూడో ఏట దొరుకుతోంది. యువతకు దారి ఇవ్వడమంటే మొదట చేయవలసింది ఇది. దీన్ని వదిలి సీనియర్ల పేర్లు కొట్టేయడం సులువు కాబట్టే సమాఖ్యలు తరచూ రెండోదాన్నే ఎంచుకున్నాయి. ఎంపిక ప్రమాణాలను రాతపూర్వకంగా ముందే ప్రకటించమని, తీసివేసినప్పుడు కారణం చెప్పమని సమాఖ్యను గట్టిగా అడగాలి. ప్రభుత్వ నిధులతో నడిచే జట్టుకు అది అన్యాయమైన కోరిక కాదు.

తెలుగునాట నుంచి వచ్చిన ఒక గోల్‌కీపర్ కథ ఈ వాదనలో ఎక్కడా ఇమడదు. ఏటిమరపు రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి. 1990 జూన్‌లో పుట్టింది. సవిత పుట్టింది అదే ఏడాది జూలైలో. ఇద్దరూ ఒకే ఈడువారు, ఒకే స్థానం ఆడేవారు. సవిత ప్రపంచంలోనే అత్యుత్తమ గోల్‌కీపర్లలో ఒకరిగా ఎదిగింది, ఆ విషయంలో వివాదం లేదు. ఒలింపిక్ జట్టులో స్థానాలు పదహారు, గోల్‌కీపర్‌కు సాధారణంగా ఒక్కటే. 2018 కామన్వెల్త్ క్రీడలు, ప్రపంచకప్, ఆసియా క్రీడలు మూడింటిలోనూ రజని రెండో గోల్‌కీపర్‌గా వెళ్లింది. టోక్యోకు అదనపు ఆటగాళ్లను అనుమతించినప్పుడు ప్రత్యామ్నాయంగా వెళ్లింది. సవిత తప్పుకుంటే ఆ చోటు చిన్నవారికి పోయేది, తప్పుకోకపోతే రజనికి రాలేదు. ముసలి, యువ అన్న రెండు గడుల్లో ఆమెకు చోటెక్కడ?

రాంచీలో జపాన్ చేతిలో ఓడినది 2024 జనవరి 19న. మరో అయిదు రోజులకు మస్కట్‌లో అయిదుగురు ఆడే హాకీ ఫైవ్స్ తొలి ప్రపంచకప్ మొదలైంది. భారత మహిళల సారథి రజని. 33 ఏళ్ల వయసులో గోలు ముందు నిలబడి జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లింది. అక్కడ నెదర్లాండ్స్ చేతిలో 2–7తో ఓడి రజతంతో తిరిగి వచ్చారు. ఒలింపిక్స్‌లో హాకీ ఫైవ్స్ లేదు.